సారు ఎవరి దిక్కు

సారు పోయిన సంగతి నాకు ముందు ఫోన్‌లోనే వచ్చింది. నేనే నమ్మలేదు. కొత్త నంబరు. కొత్త నంబర్లు ఎత్తొద్దని మా కొడుకు చెబుతూనే ఉంటాడు, తీయటి మాటలు చెప్పి ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోయే వాళ్లు ఉన్నారట. అయినా అది మోగిందే మోగుతుంటే, ఎత్తకపోతే మనవాళ్లకే ఏమన్నా అయిందేమోనని ఇంకో భయం పట్టుకుంది. ఎత్తాను. ఒక ఆడగొంతు ఏడుస్తూ, "పెద్దమ్మా, నాన్న పోయిండు" అన్నది.

"ఏ నాన్న? ఎవలు నువ్వు?" అన్నాను.

"నేనే పెద్దమ్మా, సారు బిడ్డను. సుబేదారి నుంచి."

సారు బిడ్డ గొంతు నాకు తెలియంది కాదు. కానీ ఏడుపులో అందరి గొంతూ ఒక తీరుగానే ఉంటుంది. "సారు బిడ్డవైతే మీ అమ్మ పుట్టిల్లు ఏ ఊరో చెప్పు" అన్నాను. అవతల ఏడుపు ఆగిపోయింది. తండ్రి పోయినప్పుడు ఇట్లాంటి ప్రశ్న వస్తుందని ఆ పిల్ల అనుకోలేదు పాపం. జవాబు వచ్చేలోపే భయమేసి ఫోన్ పెట్టేశాను.

మా ఇంటికీ మా తోడికోడలి ఇంటికీ నడుమ ఒకటే గోడ. నేను ఫోన్ పెట్టేసిన కాసేపటికి ఆ గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. "సారూ, సారూ" అంటూ గుండెలు బాదుకుంటోంది. అప్పుడు నమ్మాను.

నమ్మాక నేను ముందు ఏడ్చానని రాస్తే అబద్ధం అవుతుంది. ఆమెకు అంత దుఃఖం ఎందుకు అని ఆలోచించాను. నా మరిది భార్య అంటే నాకు తెలుసు, ఊరికే కన్నీళ్లు పెట్టే మనిషి కాదు. సారు ఆమెకు ఏం చేశారని అంత ఏడుపు? మా ఇంటిని రెండుగా పంచింది ఆ సారే. పంచిన నాటి నుంచి నాకూ తోడికోడలికీ మాటలు లేవు, నాకూ నా అనుమానానికీ మాత్రం రోజూ మాటలే. పంచేటప్పుడు ఆయన ఆమె దిక్కు ఉన్నారా, నా దిక్కు ఉన్నారా, మేము ఏమైపోయినా ఆయనకు పట్టలేదా? ఇది తేలకుండానే ఆయన వెళ్లిపోయారు. ఆయన్ని తలచుకుని నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ముందు వచ్చేది ఇదే. చదివేవాళ్లు తప్పుగా అనుకోవద్దు.

మాది వరంగల్లో మగ్గాల వాడ. జంపఖానాలు నేసేవాళ్లం. ఇప్పుడు మగ్గం చప్పుడు అక్కడొకటి ఇక్కడొకటి వినిపిస్తుంది, అప్పుడు ఇంటింటా ఉండేది. సారు మా ఎదురింట్లో ఉండేవారు. సర్కారు బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. నేను నాలుగో తరగతిలో బడి మానేసి రాట్నం ముందు కూర్చున్న మనిషిని. ఇంగ్లీషు చెప్పే ఆయన ఎదురుగా ఉంటే మొదట్లో మా తలుపు సగమే తెరిచేదాన్ని, ఏమనుకుంటారోనని. ఆయన ఏమీ అనుకోలేదు. ఎప్పుడూ ఏమీ అనుకోకపోవడమే ఆయన పద్ధతి, నాకు అదే మింగుడు పడేది కాదు.

కూరగాయల బండి వస్తే మేమంతా ఒక్కో వంకాయ తిప్పి చూసి ఏరుకుంటాం. సారు సంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడేవారు. "నీ చేతికేది వస్తే అది వెయ్యమ్మా" అనేవారు. పుచ్చులు వస్తే కోసి పారేసేవారు, మరునాడు ఒక మాట అనేవారు కాదు. నాకు చూడలేక, "సారూ, ఆమె మీకు రోజూ పుచ్చులే అంటగడ్తాంది" అన్నాను ఒకసారి.

"నేను ఏరుకుంటే ఆ పుచ్చులు మీ సంచిలకు వస్తయి గద వదినా" అన్నారు.

అది మంచితనమా, ఏరుకునే నాకు ఎత్తిపొడుపా అని ఆ రోజంతా ఆలోచించాను.

వాడలో ఎవరు కొట్లాడుకున్నా ఆయన దగ్గరికే పోయేవారు. నీళ్ల పైపు తగాదా, గోడ మీద గోడ, పెళ్లిలో మర్యాద తక్కువైందని అలిగిన వియ్యంకులు, అన్నీ ఆయన గడప దగ్గరే తెగేవి. ఒకరు వచ్చి ఎంత చెప్పినా వినేవారు, చివర్లో "సగం విన్న. మిగిలిన సగం ఆ ఇంట్ల ఉన్నది, అది గూడ విన్నంక చెప్త" అనేవారు. పిల్లలు క్రికెట్ ఆడుతూ అవుటా కాదా అని కొట్లాడుకుంటే దానికీ ఆయనే. ఒక ఎండాకాలం ఆయన బిడ్డ కొడుకు సుబేదారి నుంచి సెలవులకు వచ్చి ఆటలో చేరాడు. ఆ రోజు నుంచి తీర్పు చెప్పనన్నారు. "మనవడు ఆడుతాండు, నన్ను అడగొద్దు" అని లోపలికి పోయి తలుపు వేసుకున్నారు. "మా తాతకు నేనంటే ఇష్టం లేదు" అని ఆ పిల్లవాడు మా గడప మీద కూర్చుని ఏడిస్తే నేనే బెల్లం ముక్క పెట్టి ఊరుకోబెట్టాను. పిల్లవాడు అన్నదాంట్లో తప్పేముంది అనిపించింది కూడా.

మా ఆయనా సారూ మంచి జత. ఆయన్ని అన్నా అనేవారు, అట్లా నేను వదినను అయ్యాను. సారు భార్య పోయాక సాయంత్రం చాయ్ మా ఇంట్లోనే. మా ఆయన పోయాక కూడా ఆ చాయ్ ఆగలేదు, మా అరుగు మీద కూర్చుని తాగి వెళ్లేవారు.

ఆగింది ఇల్లు పంచే మాట వచ్చినప్పుడు.

మా మామ కట్టిన ఇల్లు అది. రోడ్డు దిక్కు ఒక పెద్ద గది, వెనుక మగ్గాల షెడ్డూ బోరూ, నడుమ వంటిల్లు, రెండు పడక గదులు, పక్క నుంచి సన్నటి సందు. అన్నదమ్ములిద్దరూ అందులోనే ఉండేవారు, ఒకటే పొయ్యి. మా ఆయన పోయిన తర్వాతి ఏడు మరిది పంచుకుందామన్నాడు. అతనికి నడుము పోయింది, మగ్గం మీద కూర్చోలేడు, ముందు గదిలో టిఫిన్ సెంటర్ పెడతానన్నాడు. నా కొడుకు అదే గదిలో జంపఖానాలు అమ్మే దుకాణం పెట్టుకుంటానన్నాడు. ఇంటర్ చదివి కూడా మగ్గాన్ని వదలని పిల్లవాడు, వాడి ఆశ అదొక్కటే. నాకున్న భయం కూడా అదొక్కటే. రోడ్డు మీది గది పోతే మేము సందులో పడిపోతాం, సందులోకి వచ్చి జంపఖానా కొనేది ఎవరు?

రెండు దిక్కులవాళ్లమూ సారు దగ్గరికే పోయాం. ఆ సాయంత్రం నేను చాయ్ తెస్తే ఆయన గ్లాసు పట్టుకోలేదు.

"వద్దు వదినా. మీ పంచాది తెగేదాక మీ రెండు దిక్కుల మంచినీళ్లు గూడ ముట్టను."

"చాయ్‌కు పంచాదికి ఏం సంబంధం సారూ?"

"ఇంగ్లీషుల డిసింట్రెస్టెడ్ అంటరు. ఈ పని అయ్యేదాక నేను గట్ల ఉండాలె" అని లేచి వెళ్లిపోయారు.

ఆ మాట మరిచిపోతానేమోనని నోట్లో అనుకుంటూనే వంట చేశాను. కొడుకు రాగానే అడిగాను. "ఇంట్రెస్టు లేదన్నట్టమ్మా. మన లొల్లి ఆయనకెందుకు, పట్టదని చెప్తాండు" అన్నాడు. మాలాంటి వాళ్లకు ఇంట్రెస్టు అంటే తెలిసింది వడ్డీయే, వడ్డీ లేకపోతే మంచిదే కదా అన్నాను. కొడుకు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా బతుకు ఆయన చేతిలో పెడితే, ఆయనకు పట్టదట.

మరునాటి నుంచి సారు మా దిక్కు కిటికీ మూసేశారు. వాకిట్లో కనబడినా తల వంచుకుని పోయేవారు. నాకేమో లెక్కలు మొదలయ్యాయి. తోడికోడలు పుట్టిల్లు నర్సంపేట. సారు భార్యది కూడా నర్సంపేటే. నాది రఘునాథపల్లి, ఆ దిక్కు వాళ్లు సారుకు ఎవరూ లేరు. నన్ను వదినా అంటారు, ఆమెను చెల్లె అంటారు. వరస ప్రకారం అయితే ఆమెను మరదలా అనాలి. వరస తప్పించి చెల్లెను చేసుకున్నారంటే ఏమిటి అర్థం? చెల్లె అంటే తన రక్తం. వదిన అంటే ఎక్కడి నుంచో వచ్చిన మనిషి.

ఒక పొద్దున ఆమె స్టీలు గిన్నె మీద పళ్లెం మూసి సారు ఇంటికి తీసుకుపోయింది. నేను మా కిటికీ దగ్గరే ఉన్నాను. ఎంతోసేపు కాలేదు, తిరిగి వచ్చింది. గిన్నె నిండుగా ఉన్నదా, ఖాళీదా? నిండు గిన్నె మోసే చెయ్యి వేరుగా ఉంటుంది, కొద్దిగా కిందికి లాగుతుంది. లాగినట్టే అనిపించింది. అంటే ఆయన తీసుకోలేదు. లేకపోతే తీసుకుని అందులో ఇంకేమన్నా పెట్టి పంపారా? అది తేలలేదు.

పంచాయితీ మా వాకిట్లోనే జరిగింది. కులపెద్దలు వచ్చి మంచం మీద కూర్చున్నారు. సారు మాత్రం తన ఇంటి నుంచి మడత కుర్చీ తెచ్చుకున్నారు, చేతిలో తన నీళ్ల సీసా. మా కుర్చీ మీద కూర్చోరు, మా నీళ్లు తాగరు. అందరూ చూస్తుండగా నాకు తల తీసేసినట్టయింది. అంటరాని వాళ్లమా మేము అనుకున్నాను. ఆయన ఆ కుర్చీలో కూర్చుని తోడికోడలి వైపు తిరిగారు.

"చెల్లె, నీ సంగతి తర్వాత. ముందుగాల మీ అక్క బాధేందో నువ్వు చెప్పు."

"ఆమె బాధ నాకేం ఎర్క సారూ?"

"ఇన్నేండ్లు ఒక్క పొయ్యి మీద వండుకున్నరు. ఎర్క లేదంటే ఎవలు నమ్ముతరు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత చెప్పింది. "బావ పోయిండు. ఒక్క కొడుకు. పిల్లగాడు దుకానం పెట్టకపోతే మగ్గం ఇడిసిపెట్టి ఎటన్న పోతడని ఆమె ఫికర్. అది ఎవ్వలకు చెప్పది. దుకానం దుకానం అంటది గని, ఆమె భయం కొడుకు పోతడనే."

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఇంత తెలిసిన మనిషి మరి ఎందుకు అడ్డం పడుతోంది? ఎవరు నేర్పారు ఆమెకు?

"వదినా, ఇగ మీ చెల్లె బాధ నువ్వు చెప్పు" అన్నారు సారు.

నాకు తెలిసిందే చెప్పాను. మరిది రాత్రిళ్లు నడుము పట్టుకుని మూలుగుతాడని, దవాఖాన వాళ్లు మగ్గం వద్దన్నారని, పని లేక కూర్చుంటే ఆయనకు కోపం ఎక్కువై భార్య మీద అరుస్తాడని, ఆమె గిన్నెల చప్పుడు చేసి అది మాకు వినబడకుండా చూసుకుంటుందని. మరిది తల దించుకున్నాడు.

"ఇగ పాత పద్ధతే" అన్నారు సారు. "పెద్ద దిక్కు పంచుతది, చిన్న దిక్కు కోరుకుంటది."

అంటే గీత నేను గీయాలి, ముందు ఏరుకునేది వాళ్లు. నేను నూలు చిలప నుంచి తెల్ల దారం తీసి ఇంటి నడుమ లాగడానికి లేచాను. సారు కుర్చీని తిప్పుకుని వీధి వైపు మొహం పెట్టి కూర్చున్నారు. నా వీపుకు ఆయన వీపు.

"మీరు చూడకపోతే ఎట్ల సారూ?"

"నేను చూస్తాంటే నా మొకం చూసుకుంట గుంజుతవు. నీ బతుకును చూసుకుంట గుంజు."

ఎంతసేపు గుంజానో. ముందు గదికి ఇంకొంచెం కలిపితే వెనుక బోరు పోతుంది. బోరు వెనక్కి ఉంచితే వంటిల్లు ముక్కలవుతుంది. ఏ ముక్క మిగిలినా నేను అందులో బతకాలి, నా కొడుకు మగ్గం ఆడాలి. దారం అటు జరిపాను, ఇటు జరిపాను. చివరికి ముందు గదీ ఒక పడక గదీ ఒక వంతు, షెడ్డూ బోరూ సందూ ఇంకో పడక గదీ ఒక వంతు. ఎవరికి ఏది వచ్చినా చస్తే చావరు అనిపించాక దారం ముడి వేశాను. సారు అంతసేపూ రోడ్డు మీద పోయే ఆటోలు చూస్తూనే ఉన్నారు. ఒక్కసారి వెనక్కి తిరగలేదు.

తోడికోడలు ఒక్క క్షణం ఆలోచించలేదు. "ముందటిది" అన్నది. ముందే ఎవరో చెప్పి ఉంచినట్టు.

గోడ లేచింది. మాటలు ఆగిపోయాయి. గోడ పూర్తయిన సాయంత్రం సారు మా సందులోంచి వచ్చి, "వదినా, చాయ్ పెడ్తవా" అన్నారు. పెట్టాను. మరునాడు ఆమె ఇంట్లో తాగారు. ఆ తర్వాత ఒక రోజు ఇక్కడ, ఒక రోజు అక్కడ. అక్కడ తాగే రోజు ఎంతసేపు కూర్చుంటారో చూసేదాన్ని, నవ్వు వినిపిస్తే గోడ దగ్గరికి జరిగేదాన్ని. మా ఇంట్లో కంటే అక్కడ ఎక్కువ నవ్వుతారని నాకు గట్టిగా అనిపించేది.

ఆయన చేసిన మేలు దాచను. నాకు కీళ్ల జ్వరం వచ్చి లేవలేకపోతే ఆటోలో ఎక్కించుకుని దవాఖానకు తీసుకుపోయింది సారే. కొడుకు ఊళ్లో లేడు. పొద్దంతా బెంచీ మీద కూర్చుని, సెలైన్ సీసా అయిపోగానే నర్సును పిలుచుకొచ్చారు. ఇంత చేసే మనిషిని అనుమానించానే అని సిగ్గుపడ్డాను. ఆ తర్వాత మరిది నడుముకు ఆపరేషన్ అయితే అదే తీరున అక్కడా బెంచీ మీద కూర్చున్నారని తెలిసింది. మళ్లీ మనసు చివుక్కుమంది. నాకు చేసింది నా కోసం చేసి ఉంటే బాగుండునని ఉంటుంది కదా మనిషికి. అందరికీ చేసేదే నాకూ చేశారంటే, అందులో నేనెక్కడ ఉన్నాను?

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. అరుగు మీద వెల్లుల్లి ఒలుస్తున్నాను, ఆయన చాయ్ ఆరబెట్టుకుంటున్నారు.

"సారూ, ఆనాడు మీరు ఒక ఇంగ్లీషు మాట అన్నరు. పట్టింపు లేకపోవుడట గద దానర్థం. మా మీద మీకు పట్టింపు లేదా?"

ఆయన గ్లాసు అరుగు మీద పెట్టారు. "ఆ మాట తోటి నేను గూడ దెబ్బతిన్న వదినా. బళ్లె ఉన్నన్ని రోజులు, పిల్లలు ఆ మాటను పట్టింపు లేనోడని రాస్తే ఎర్ర పెన్ను తోటి కొట్టేసిన. గట్ల కాదురా, సొంత లాభం చూసుకోకుంట తీర్పు చెప్పెటోడు అని అర్థం, అని తిట్టిన. రిటైరైనంక ఒకనాడు పెద్ద డిక్షనరీ తిరగేస్తే ముందుగాల పుట్టింది పిల్లలు రాసిన అర్థమేనట. తర్వాతెప్పుడో దాన్ని తీస్కపోయి తీర్పరి పీట మీద కూసోబెట్టిండ్రు. చానా రోజులు ఆడనే ఉన్నది. ఇప్పుడు జనం నోట్ల పడి మల్ల మొదటి ఇంటికే పోతాంది. చదువుకున్నోళ్లు పోనిస్తలేరు."

"పుట్టింటికి పోతాంటే అడ్డం పడుడేంది సారూ, పాపం."

ఆయన నవ్వారు. పళ్లు కనబడేలా ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను. "అడ్డం పడ్డోళ్లల్ల నేనొకన్ని. ఎంతమంది పిల్లలకు మార్కులు కొట్టేసిన్నో."

"సరే, మరి మీరు ఏ ఇంట్ల ఉన్నరు? పుట్టింట్లనా, పీట మీదనా?"

నవ్వు ఆగింది. "బయిటికెళ్లి చూస్తే రెండు ఒక్క తీర్గనే కనవడ్తయి వదినా. పట్టింపు లేనోడు గూడ మొకం తిప్పుకుంటడు. నేను గూడ తిప్పుకున్న. ఎవలు ఎందుకు తిప్పుకున్నరో చూసెటోళ్లకేం ఎర్క? ఒక్కోపాలి నాకే ఎర్క కాదు. మా ఇంటామె ఉన్నప్పుడు గిదే అంటుండె, నువ్వు అందరిని ఒక్క తీర్గ చూస్తవు, నన్ను గూడ అందరిల కలిపినవు అని."

అది పోయిన తన భార్య మాట. ఆ మాట చెప్పాక గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయారు. నాకు తిన్నగా జవాబు చెప్పలేదు. చెప్పే ఉద్దేశం ఉంటే చెప్పేవారు కదా అని ఆ రాత్రంతా అటూ ఇటూ దొర్లాను. ఆయన మొహం మాత్రం నన్ను చాలా రోజులు వదలలేదు.

మా ఇల్లు కోర్టు మెట్లు ఎక్కలేదు. మా వెనక వీధిలో పంచుకోవడానికి కోర్టుకు పోయిన అన్నదమ్ములు ఇంకా వాయిదాలకు తిరుగుతూనే ఉన్నారు, ఇంటికి తాళం, తాళానికి తుప్పు. మా కొడుకు మగ్గం ఆడుతోంది. సందులోకి ఎవరూ రారనుకున్నాను, వచ్చేవాళ్లు వస్తున్నారు. రాకుండా ముందు నుంచే వెళ్లిపోయేవాళ్లు ఎందరో తెలియదు, అది నా బాధ. అయినా వాడు ఊరు వదిలి పోలేదు. ఇది సారు చలవే. ఆయన ఉన్నప్పుడు ఈ మాట ఆయనతో అనలేదు, అంటే పొంగిపోయి ఆ ఇంట్లో చెబుతారేమోనని.

సారుకు చూపు మందగించాక బిడ్డ వచ్చి సుబేదారికి తీసుకుపోయింది. పోయే రోజు ఇద్దరి గడపల ముందూ నిలబడి చెప్పి వెళ్లారు. తర్వాత కొడుకుతో మామిడి తొక్కు జాడీ పంపిస్తే, బాగుందన్నారట. ఆమె పంపిన తొక్కు కూడా బాగుందన్నారట.

కడసారి చూపుకు సుబేదారికి పోతే ఆయన బిడ్డ నన్ను పట్టుకుని ఏడుస్తూ, "అమ్మ పుట్టిల్లు నర్సంపేట పెద్దమ్మా" అన్నది. ఏడుపులోనే ఇద్దరికీ నవ్వు వచ్చింది.

మూడో రోజు పిట్టకు పెట్టడం మా వాడలోనే, సారు ఇంటి డాబా మీద పెట్టుకున్నారు. తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. పోయిన మనిషికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి దూరం జరుగుతాం. కాకి వచ్చి ముడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయినట్టు.

అక్కడే చిక్కు వచ్చింది. "నాన్నకు ఏం ఇష్టమో నాకే తెల్వది" అన్నది బిడ్డ. "ఏం వండాలె నాన్నా అంటే, నీకేది అల్కగైతే అది అనేటోడు." అన్నం, పప్పు, వడలు, ఆమెకు తోచినవి పెట్టింది. కాకి వచ్చింది. నీళ్ల ట్యాంకు మీద కూర్చుని చూసింది, ఎగిరిపోయింది. మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఎండ ముదిరింది. చుట్టాలు గుసగుసలాడడం మొదలుపెట్టారు. ఆ పిల్ల మొహం చూడలేకపోయాను. "రోజు చాయ్ మీ ఇండ్లల్లనే తాగిండు గద. మీకేమన్న ఎర్కనా పెద్దమ్మా, చిన్నమ్మా?" అని మా ఇద్దరినీ అడిగింది.

నాకు ఎరుకే. నేను సర్వపిండి చేస్తే ఆయన బాగుందనేవారు. ఇంటికి పోయి గబగబా ఒత్తి కాల్చి తెచ్చాను. మెట్లు ఎక్కేసరికి తోడికోడలు ఇంకో విస్తరిలో పోలెలు పెడుతోంది. సర్వపిండి విస్తరి ఇటు, పోలెల విస్తరి అటు. అందరం మెట్ల గది నీడలోకి జరిగాం.

ఇన్నేళ్లుగా తేలనిది ఈ రోజు తేలిపోతుంది. ఏ విస్తరి ముట్టుకుంటే ఆ దిక్కు మనిషి. కాకి ట్యాంకు మీదికి వచ్చి వాలింది. మెడ ఇటు తిప్పింది. మెడ అటు తిప్పింది. దిగలేదు.

"నీదే ముడుతది" అన్నది తోడికోడలు, నా వైపు చూడకుండానే. గోడ లేచాక ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"నాదా?"

"ఎప్పటికి నీ దిక్కే గద ఆయన. పంచే పని నీ చేతికే ఇచ్చే. బోరు నీకే ఉండె. ముందటి గదిల నీళ్లకు మేమెంత తండ్లాడుతానమో నీకేం ఎర్క?"

"ముందుగాల కోరుకున్నది నువ్వు. ఒక్క నిమిషం ఆగకపోతివి. ఎవలో చెప్పి పెట్టినట్టు."

"ఎవలు చెప్తరు? ఆగితే ఏడుస్తనని జల్ది అన్న." ఆమె ఇప్పుడు నా మొహంలోకి చూసింది. "నేను గారెలు చేసి తీస్కపోతే మూత గూడ తియ్యలే, అటే తిప్పి పంపిండు. పంచుడు అయినంక వచ్చి మా ఇంట్ల చాయ్ తాగితే సగం గ్లాసే. ఎప్పటికి సగమే. ఇంక సగం నీ ఇంట్ల నిండ తాగెటందుకు ఉంచుకుంటాండని నేను అనుకోని రోజు లేదక్కా."

మా ఇంట్లో కూడా ఎప్పుడూ సగమే తాగేవారు. నా చాయ్ నచ్చదు, అక్కడ నిండా తాగుతారు అనుకునేదాన్ని. ఆ మాట చెప్పాను. ఆమె నమ్మలేదని కళ్లు చూస్తేనే తెలిసింది. ఆమె చెప్పింది నిజమో, నన్ను మెత్తబరచడానికి అన్నదో నాకూ తెలియలేదు. కానీ మొన్న ఆ గోడ అవతల ఏడ్చిన ఏడుపు ఎందుకో అర్థమైనట్టు అనిపించింది. తనను పట్టించుకోలేదనుకున్న మనిషి కోసం ఏడ్చే ఏడుపు అట్లాగే ఉంటుంది. నాది ఇంకా లోపలే ఉంది.

సారు బిడ్డ గోడకు తల ఆనించి, "నాన్న ఎందుకో నారాజుగున్నడు" అన్నది.

ఆ మాటకు ఇద్దరమూ ఒకేసారి లేచాం. ఎండలోకి పోయి, ఆమె తన పోలెలు ఎత్తింది, నేను నా సర్వపిండి ఎత్తాను. కొత్త విస్తరి ఒకటి పరిచి రెండూ అందులో వేశాం. నేను తుంచాను, ఆమె కలిపింది. పిండీ పూర్ణమూ కారమూ తీపీ ఒకటైపోయాయి. మనుషులు తినేది కాదది. "తినుండ్రి సారూ" అన్నాను. ఆమె ఏదో అన్నది, ఏడుపులో వినబడలేదు. మెట్లు దిగి నాలుగో మెట్టు మీద ఒకరి పక్కన ఒకరం కూర్చున్నాం, కాకికి మా మొహాలు కనబడకుండా.

రెక్కల చప్పుడైంది. గోళ్లు డాబా మీద గీసుకున్న చప్పుడు. విస్తరి కదిలింది. పైన ఎవరో "ముట్టింది, ముట్టింది" అన్నారు.

"ఏది ముట్టింది అక్కా?" అన్నది తోడికోడలు నా చెయ్యి పట్టుకుని.

నేను తల ఎత్తి చూసేసరికి కాకి ఎగిరి కరెంటు తీగ మీద వాలింది. నోట్లో ఏదో ఉంది, మింగేసింది. తర్వాత తల వంచి ముక్కును ఆ తీగకు ఈ పక్క ఒకసారి, ఆ పక్క ఒకసారి రుద్దుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చుంది.